ముందు టేపు, తర్వాతే రేటు

ఎవరింట్లోనైనా గృహప్రవేశం జరిగితే భోజనాల దగ్గర తప్పకుండా వినబడే ప్రశ్న ఒకటుంది. "అడుగు ఎంత పడిందండీ?" ఇంటాయన ఏదో అంకె చెబుతాడు. మీరు ఇంటికొచ్చి ఆ అంకెను మీ ప్లానులోని 1200 చదరపు అడుగులతో గుణిస్తారు. చేతిలో ఉన్నదెంత, బ్యాంకు ఇచ్చేదెంత, బంగారం మీద వచ్చేదెంత అని కూడుకుని, సరిపోతుందనుకుని శంకుస్థాపనకు కొబ్బరికాయ కొట్టేస్తారు.

గోడలు లింటెల్ దాకా లేచేసరికి డబ్బు అయిపోతుంది. అప్పుడు సిమెంటు రేటును తిట్టుకుంటాం, మేస్త్రిని అనుమానిస్తాం. అసలు పొరపాటు భోజనాల దగ్గరే జరిగిపోయింది. ఆయన చెప్పిన అంకె ఆయన ఇంటిది. ఆయన స్థలం రోడ్డు మట్టానికి ఉంది. మీది రోడ్డుకు మూడడుగుల పల్లంలో ఉంది, వెనకాల పంట బోదె పారుతోంది. చదరపు అడుగు లెక్కకు నేల మీద కనబడేదే తెలుసు. కడియం లాంటి గోదావరి డెల్టా ఊళ్లలో ఖర్చు నేల కిందే మొదలవుతుంది.

"లెక్కలు నాకెక్కడొస్తాయండీ, అది ఇంజనీర్ల పని" అంటారా? కడియం, కడియపులంక నర్సరీల్లో పనిచేసేవాళ్లను ఒక్కసారి గమనించండి. ఒక ట్రాక్టరు మట్టి ఎన్ని కవర్లకు వస్తుందో, ఎన్ని మొక్కలు పేరిస్తే ఒక లారీ నిండుతుందో కాగితం లేకుండా చెప్పేస్తారు. కవరు సైజు మారితే మట్టి లెక్క మార్చాలని వాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు. క్వాంటిటీ సర్వే అంటే అదే విద్య. ఏ వస్తువు ఎంత పడుతుందో ముందు కొలవడం, ఆ తర్వాతే దానికి రేటు కట్టడం. కూడిక, గుణకారం, భాగహారం వస్తే చాలు. పునాది ఎంత లోతు, పిల్లర్లో ఎంత ఇనుము అన్నది ఇంజనీరే తేల్చాలి. అందులో వేలు పెట్టకండి. ఆయన గీసిచ్చిన ప్లానులో ఏది ఎంత ఉందో లెక్క తీయడం మాత్రం మీ చేతిలో పని.

1. స్థలం ఎంత పల్లమో కొలవండి

ఈ ఒక్కటి సరిగ్గా చేస్తే సగం గండం గడిచినట్టే. అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగుదాం.

తాపీ మేస్త్రుల దగ్గర నీళ్లు పోసిన సన్నని ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. దాని ఒక కొసను రోడ్డు మధ్యలో, రెండో కొసను మీ స్థలంలో పట్టుకుంటే రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టానికి నిలబడతాయి. ఆ మట్టం నుంచి నేలకు అటూ ఇటూ ఉన్న ఎత్తుల తేడాయే మీ పల్లం. ఒక్క చోట చూసి వదిలేయకండి. నాలుగు మూలలా, నడి మధ్యలో చూడండి. 2, 3, 3.5, 4, 2.5 అడుగులు వచ్చాయనుకుందాం. సగటు 3 అడుగులు.

స్థలం నాలుగు సెంట్లు అనుకుంటే (సెంటుకు 435.6 చదరపు అడుగులు) ఇంచుమించు 30 అడుగుల వెడల్పు, 58 అడుగుల పొడవు. అంటే 1740 చదరపు అడుగులు. మూడడుగులు మెరక చేయాలంటే 5220 ఘనపు అడుగుల మట్టి. ఇప్పుడు ట్రాక్టరు తొట్టి కొలవండి. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే 90 ఘనపు అడుగులు. భాగిస్తే 58 ట్రాక్టర్లు. చాలామంది ఇక్కడికి ఆపేస్తారు.

తోలిన మట్టి గుల్లగా ఉంటుంది. నీళ్లు పెట్టి, దిమ్మిస కొట్టి, ఒక వానాకాలం గడిచాక దిగిపోతుంది. మట్టిని బట్టి పాతిక శాతం దాకా ఎక్కువ తోలించాల్సి రావచ్చు. అలా చూస్తే 6525 ఘనపు అడుగులు, అంటే 73 ట్రాక్టర్లు. 58కీ 73కీ మధ్య ఉన్న 15 ట్రాక్టర్ల డబ్బు ఎవరూ దోచుకున్నది కాదు. లెక్కలో రాయని డబ్బు, అంతే.

ఇంకొకటి మరిచిపోతుంటారు. రోడ్డు మట్టానికి మెరక చేశాక గదుల లోపల బేస్‌మట్టానికి మళ్లీ మట్టి నింపాలి కదా! గోడలు పోను లోపలి జాగా 1050 చదరపు అడుగులు, ఎత్తు 2 అడుగులు అనుకుంటే 2100 ఘనపు అడుగులు. గుల్లతనం కలిపితే మరో 30 ట్రాక్టర్లు. లెక్కలోకి ఇంకా ఒక్క ఇటుక కూడా రాలేదు. వందకు పైగా ట్రాక్టర్ల మట్టి అయింది. గృహప్రవేశం భోజనాల దగ్గర విన్న అంకెలో ఇది ఉందా?

2. పునాది గుంటలకు నీళ్ల ఖర్చు కలపండి

మన నల్లమట్టి వానకు ఉబ్బి, ఎండకు బిగుసుకుని పగులుతుంది. కాలువలు పారుతున్నప్పుడు నాలుగైదు అడుగులు తవ్వేసరికే ఊట కనబడే చోట్లున్నాయి. అలాంటి నేలలో గుంట అంచులు నిలవవు, జారిపోతాయి. ప్లానులో ఫుటింగు 5×5 అడుగులు అని ఉన్నా, మనిషి దిగి పనిచేయడానికి 6×6 అయినా తవ్వాలి. ఆరడుగుల లోతుకు ఒక్కో గుంట 150 ఘనపు అడుగులు కావాల్సింది 216 అవుతుంది. పన్నెండు గుంటలకు 1800 అనుకున్నది 2592. తవ్వకం కూలీ ప్లాను కొలతకా, తవ్విన కొలతకా? పార పట్టకముందే మాట్లాడుకోండి. తవ్వాక మాట్లాడితే అది తగువే.

ఊటనీళ్లు తోడే మోటారుకు రోజుకు ఎంత అద్దె, ఎంత డీజిలు, ఎన్ని రోజులు? ఇది చాలా ఎస్టిమేట్లలో కనబడదు. ఇక్కడే మీకు ఒక సదుపాయం ఉంది. వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు. ఆ రోజుల్లో ఊట తగ్గుతుంది, గుంట అంచులు గట్టిగా నిలుస్తాయి. పునాది పని ఆ వారాల్లో పడేలా చూసుకుంటే మోటారు ఖర్చు చాలా వరకు కలిసొస్తుంది. పంట వేయడానికి కాలువ నీళ్ల తేదీ చూసుకునే మనం పునాదికి ఎందుకు చూసుకోం? ముహూర్తం పెట్టించే రోజున పంతులుగారికి ఈ మాట కూడా చెప్పండి.

3. అంగుళాలను చుక్క పక్కన రాయకండి

పది అడుగుల ఆరు అంగుళాలను సెల్‌ఫోన్లో 10.6 అని కొడుతున్నారా? అది 10.5. తొమ్మిది అంగుళాలు 0.9 కాదు, 0.75. నాలుగున్నర అంగుళాలు 0.375. అంగుళాలను 12తో భాగించాకే చుక్క పక్కన రాయాలి. తొమ్మిది అంగుళాల గోడను 0.9 అని వేస్తే ఇల్లంతటి ఇటుకలూ అయిదో వంతు ఎక్కువ తేలతాయి. అంత చిన్న చుక్క!

4. ఇటుక ధర అడిగే ముందు ఇటుకను కొలవండి

40 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, 9 అంగుళాల మందం ఉన్న గోడ 300 ఘనపు అడుగులు. దానికి ఇటుకలెన్ని? బట్టీ బట్టీకీ అచ్చు మారుతుంది కాబట్టి ముందు పది ఇటుకలు వరసగా పేర్చి కొలిచి, పదితో భాగించండి. ఒక్క ఇటుకను కొలిస్తే వంకరటింకర వల్ల తప్పు రావచ్చు.

ఇటుక 9×4×3 అంగుళాలు ఉంటే, చుట్టూ అరంగుళం మాలు కలుపుకుని 9.5×4.5×3.5 అవుతుంది. ఘనపు అడుగుకు ఇంచుమించు 11.5 ఇటుకలు. ఆ గోడకు 3465 పడతాయి. అదే ఇటుక 8.5×4×2.75 ఉంటే ఘనపు అడుగుకు 13 దాటుతుంది, గోడకు 3939 పడతాయి. ఒక్క గోడకే 474 ఇటుకల తేడా. కట్టుబడి మాలు కూడా ఎక్కువే పడుతుంది. వెయ్యికి రెండు మూడు వందలు తక్కువని చిన్న ఇటుక కొన్నవాళ్లు లాభపడ్డారో నష్టపోయారో ఈ లెక్కతో తేలుతుంది. విరిగినవాటికి నూటికి అయిదు కలుపుకోండి.

గోడల పొడవు కొలిచేటప్పుడు మూలలు రెండుసార్లు పడకుండా చూసుకోవాలి. 30×40 ఇంటికి బయటి కొలతలు కూడితే 140 అడుగులు. గోడ నడిమి గీత వెంబడి కొలిస్తే 137. నడిమి గీత కొలతే సరైనది.

5. శ్లాబు ఇంటికంటే పెద్దది

ఇది చదివి ఒక్క నిమిషం ఆగండి. ఇల్లు 30×40, అంటే 1200 చదరపు అడుగులు. నాలుగు వైపులా రెండేసి అడుగులు శ్లాబు బయటకు తీశారు. ఇప్పుడు శ్లాబు 34×44, అంటే 1496. అయిదు అంగుళాల మందానికి 623 ఘనపు అడుగులు, అంటే 17.65 ఘనపు మీటర్లు (ఘనపు మీటరుకు 35.3 ఘనపు అడుగులు). 1:1.5:3 పాళ్ల కాంక్రీటుకు ఘనపు మీటరుకు దాదాపు 8 బస్తాల సిమెంటు వేసుకుంటే 141 బస్తాలు. 1200 అడుగులకే లెక్కేసినవాళ్లు 113 బస్తాలు తెప్పించి, మిగతా 28 కోసం శ్లాబు పోసే రోజున మధ్యాహ్నం రాజమండ్రికి పరుగెత్తుతారు. కాంక్రీటు వేస్తూ వేస్తూ మధ్యలో ఆగకూడదు. శ్లాబు కింద వేలాడే బీముల కాంక్రీటు ఇందులో లేదు, దాన్ని విడిగా కొలిచి కలపాలి.

అసలు గొడవ కూలీ దగ్గర వస్తుంది. అడుగుకు ఇంత అని మేస్త్రితో ఒప్పుకున్నారు. ఏ అడుగుకు? గోడల అడుగుకా, శ్లాబు అడుగుకా? లెక్క కోసం అడుగు కూలీ 300 రూపాయలు అనుకుందాం. 296 అడుగుల తేడాకు 88,800 రూపాయలు. మేస్త్రి శ్లాబు కొలత అనుకుని ఒప్పుకున్నాడు, మీరు ఇంటి కొలత అనుకుని ఒప్పుకున్నారు. ఇద్దరిదీ నిజమే. ఇద్దరూ మంచివాళ్లే. ఒప్పందం కాగితం మీద ఒక్క వాక్యం లేకపోయినందుకు ఆ ఇంటి గృహప్రవేశానికి ఆ మేస్త్రి రాడు. సన్‌షేడ్లు, మెట్లు, పారాపెట్ గోడ, నీళ్ల ట్యాంకు, సెప్టిక్ ట్యాంకు అడుగు రేటులో కలిసి ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ పేరు పెట్టి రాయించండి.

6. ప్లాస్టరింగుకు తలుపులు, కిటికీలు ఎంత తీసేయాలి?

దీనికి మన దేశంలో ఒక ప్రమాణం ఉంది. ఐఎస్ 1200 అంటారు, కట్టడాల పనులు ఎలా కొలవాలో చెప్పే నియమావళి. దాని ప్రకారం అర చదరపు మీటరు లోపు ఖాళీలను తీసేయక్కర్లేదు. అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా ఉంటే ఒక వైపే తీసేయాలి. రెండో వైపు వదిలేయడానికి కారణం న్యాయమైనదే: తలుపు చుట్టూ అంచులకు, పై భాగానికి చేసే పనికి అది చెల్లు. మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న గుమ్మం 24.5 చదరపు అడుగులు, అంటే 2.3 చదరపు మీటర్లు. కాబట్టి ఒక వైపే తీయాలి. మూడు చదరపు మీటర్లు దాటితే రెండు వైపులా తీసేసి, అంచుల పని విడిగా కొలిచి కలపాలి. ఈ సంగతి తెలిస్తే మేస్త్రి అడిగినప్పుడు "రెండు వైపులా తీసేయాల్సిందే" అని అన్యాయంగా పట్టుబట్టరు.

7. ఇనుము తూకంలో చూడండి

కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం కడ్డీకి 144ను 162తో భాగిస్తే 0.888. పన్నెండు మీటర్ల కడ్డీ 10.66 కిలోలు. 8 ఎంఎం అయితే 4.74, 16 ఎంఎం అయితే 18.96. ఈ మూడు అంకెలు నోట్‌బుక్ అట్ట లోపల రాసి పెట్టుకోండి. 12 ఎంఎం కడ్డీ పది కిలోలకు తక్కువ తూగితే కొట్టువాణ్ని కారణం అడగండి. అతుకులకు, ముక్కల తరుగుకు విడిగా కలుపుకోవాలి. పిల్లర్లకు, బీములకు వేసే రింగులను చాలామంది లెక్కలోకే తీసుకోరు.

8. దూరాన్నీ తడినీ కొనకండి

కడియానికి దగ్గర్లోనే ధవళేశ్వరం ఉంది. అక్కడ 1847లో మొదలుపెట్టి 1852కి ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరి మీద ఆనకట్ట పూర్తి చేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా ఉండే ఆ కట్టడానికి రాయి ఎక్కడిది? పక్కనున్న ధవళేశ్వరం కొండదే. పనివాళ్లను సమకూర్చి నడిపించిన వీణెం వీరన్నను గోదావరి జిల్లాలు ఇప్పటికీ తలుచుకుంటాయి. ఎస్టిమేటు వేసేవాడి కళ్లతో చూస్తే అక్కడ ఒక పాఠం ఉంది. రాయి దొరికే కొండ నదిని ఆనుకుని ఉంది. అంత రాయిని దూరం నుంచి మోయాల్సి వస్తే ఖర్చు ఏమయ్యేది? ఇంజనీర్లు దీన్ని లీడు అంటారు, సరుకు ఎంత దూరం నుంచి రావాలన్న లెక్క.

మీ ఇంటికీ అంతే. ఇసుకకు గోదావరి పక్కనే ఉంది. కంకరకు ఆ సౌలభ్యం లేదు, క్వారీ నుంచి రావాలి. ప్రతి సరుకు పక్కనా "ధర", "చేరవేత" అని రెండు గడులు గీయండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఇసుక ఉచితం అన్నారు కదా అని ఆ గడిలో సున్నా వేయకండి. తవ్వి ఎత్తడానికి, మోయడానికి అయ్యేది మీరే పెట్టుకోవాలి.

ఇసుకలో ఇంకో కిటుకు ఉంది. కొద్దిగా తడిసిన ఇసుక పొంగుతుంది. ఒక గాజు సీసాలో తడి ఇసుకను ఆరు అంగుళాల ఎత్తుకు పోసి చూసుకోండి. దాన్ని బయటకు తీసి, సీసాలో సగం నీళ్లు పోసి, ఇసుకను మళ్లీ వేసి కడ్డీతో కదపండి. అయిదు అంగుళాలకు దిగితే అయిదో వంతు పొంగినట్టు. లారీలో 100 ఘనపు అడుగులని కొన్నది నిజానికి 83. తూకం మీద కొంటే ఈ బాధ తప్పుతుంది. కానీ అప్పుడు నీళ్ల బరువుకు కూడా డబ్బు ఇస్తారు. ఎలా కొన్నా ఆరిన ఇసుక మేలు.

9. రేటుకు తేదీ వేయండి

"మా బావగారి ఎస్టిమేటు ఉంది, అదే వాడుకుంటాను" అంటారు. ఎప్పటిదది? 2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందటి కాగితంలోని సిమెంటు రేటు ఈ రోజుకు పనికిరాదు. రేట్లు ఎక్కుతాయి, దిగుతాయి. మీ శ్లాబు మాత్రం 623 ఘనపు అడుగులే. అందుకే కొలతలు ఒక పేజీలో, రేట్లు ఇంకో పేజీలో రాయమంటున్నాను. మూడు కొట్లలో అడిగి, అడిగిన తేదీ పక్కన వేయండి. రేటు మారినప్పుడు ఆ పేజీ ఒక్కటే మార్చుకుంటారు.

ప్రభుత్వ ఇంజనీరింగ్ శాఖలు వాడే ఎస్ఎస్ఆర్ (ప్రామాణిక రేట్ల పట్టిక) పుస్తకం చూడగలిగితే చూడండి. మార్కెట్ ధరకు అది కొలబద్ద కాదు. ఒక పనిలో సరుకు ఎంత, కూలీ ఎంత, యంత్రం ఎంత అని విడదీసి చూసే అలవాటు దాని వల్ల అబ్బుతుంది.

అనుకోని ఖర్చులకు ఆఖరున అయిదు నుంచి పది శాతం కలపండి. అన్నీ కొలిచాకే సుమా. మెరక మట్టి మరిచిపోయి "ఆ పది శాతంలో సర్దుకుంటుందిలే" అనుకుంటే ఆ పది శాతం మొదటి నెలలోనే అయిపోతుంది.

10. కప్పేయకముందే కొలవండి

ప్రభుత్వ పనుల్లో ఎం-బుక్ అని ఒక పుస్తకం ఉంటుంది. కొలతలన్నీ అందులోకి ఎక్కాకే బిల్లు. మీరూ ఒక 200 పేజీల నోట్‌బుక్ కొని గడులు గీయండి: పని పేరు, ఎన్ని, పొడవు, వెడల్పు, ఎత్తు లేదా లోతు, మొత్తం. ప్లాను చూసి వేసిన కొలత ఎడమ పేజీలో, పని జరిగాక కొలిచింది కుడి పేజీలో. వారం వారం రెండూ పక్కపక్కన చూసుకుంటే, డబ్బు ఎక్కడ దారి తప్పుతోందో లింటెల్ దాకా రాకముందే తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు కొలవాల్సింది భూమిలోకి పోయేదాన్ని. ఫుటింగు, దానిలో కట్టిన ఇనుము, పునాది గోడ మట్టి కప్పాక ఇక ఎవరికీ దొరకవు. కాంక్రీటు వేసే ముందు రోజు సాయంత్రం టేపు పెట్టి, ఫొటో తీసి, పుస్తకంలో ఎక్కించండి.

మొహమాటంగా ఉందా? మేస్త్రి ఏమనుకుంటాడోనని వెనకాడతారు. ఈ మొహమాటమే చాలా ఇళ్ల లెక్కల్ని పాడు చేసింది. ఆయన "ఏంటండీ బాబూ, నా మీద నమ్మకం లేదా?" అనొచ్చు. "నమ్మకం లేకపోతే పని మీకెందుకిస్తానండీ? బ్యాంకుకి లెక్క చూపించాలి, నాకేమో ఇది కొత్త. మీరు దగ్గరుండి చెబితే రాసుకుంటాను" అనండి. గుంట దగ్గరకు మీరొక్కరే వెళ్లి కొలవకండి. ఆయన్ని పిలిచి, టేపు రెండో కొస ఆయన చేతికివ్వండి. అంకె ఆయన పైకి చదవాలి, మీరు రాయాలి, పేజీ కింద ఇద్దరూ సంతకం పెట్టాలి.